తక్కెడ అడగనివాడు

చచ్చిన గొర్రెలను దొడ్డి దాటనివ్వనని సుక్కమ్మ భీష్మించుకుని కూర్చుంది.

ముళ్ళకంప తలుపుకు అడ్డంగా కాళ్ళు బారజాపి, నల్లచెవుల గొర్రె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది ఇంకా చావలేదు. చచ్చినవి వెనక ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. ఎండ ముదిరితే వాసన కొడతాయి, బండి ఎక్కించి వాగు అవతల పాతిపెడదాం లెమ్మని మామ బీరప్ప పొద్దటినుంచి చెబుతున్నాడు. మొదట బతిమాలాడు, తర్వాత తిట్టాడు. ఇప్పుడు చేతికర్ర పక్కన పడేసి అరుగు మీద కూలబడ్డాడు.

చచ్చినవన్నీ సుక్కమ్మవే. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు అరణంగా ఇచ్చిన జత గొర్రెల సంతానం. ఈ కురుమ ఇళ్ళలో ఆడదాని అరణం మీద మొగుడికి కూడా అధికారం లేదు. వాటి చెవి కోత వేరు, దొడ్డి వేరు. అత్తింట్లో నిలవలేని రోజు వస్తే ఆడది తోలుకుపోయేది వాటినే. ఆత్మకూరు దగ్గర పుట్టిల్లు వదిలి అచ్చంపేట కొండల దాపుకు వచ్చిన సుక్కమ్మకు, పిల్లాజెల్లా లేని సుక్కమ్మకు, నాది అని చెప్పుకోవడానికి ఆ మంద ఒక్కటే ఉండేది. మొన్నటిదాకా ఉండేది.

"మరిదిని పిలువు అత్తా" అంది జానమ్మతో. "ఆయనొచ్చి ఇవి ఎట్ల సచ్చినయో చెప్పాలె. చెప్పిందాక నేను లేవ."

వాడికి ఒంట్లో బాగలేదు, పండుకున్నాడు అని గొణిగి జానమ్మ లోపలికి పోయింది. అది పచ్చి అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అంజన్న గోడకు ఆనుకుని, మోకాళ్ళ మధ్య తల దూర్చుకుని, ప్రతి మాటా వింటూనే ఉన్నాడు.

ఈ అంజన్న పట్నంలో పశువైద్యం చదువుతున్నాడు. ఈ చుట్టుపక్కల కురుమల్లో యూనివర్సిటీ గడప తొక్కినవాడు ఇంకొకడు లేడు. రెండేళ్ళు గడిచాయి. సెలవులు అయిపోతే మూడో ఏడు మొదలవుతుంది. పోయిన ఎండాకాలం ఇంటికొచ్చినప్పుడు వాగులో దొరికిన పొట్టేలు పుర్రె పట్టుకుని ఒక్కొక్క బొక్కకు ఒక్కొక్క పేరు చెప్పాడు. బీరప్ప ఆ పుర్రెను చంకలో పెట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఈ ఎండాకాలం వచ్చి, గొర్రెల కడుపులో పురుగులు ఎలా పుడతాయో, ఎందుకు పుడతాయో చెప్పాడు. వినేవాళ్ళకు మొదటి ఏటికీ రెండో ఏటికీ తేడా ఏం తెలుస్తుంది? కాలేజీలో చేరాడంటే డాక్టరే. మాట ఖాయమైన పిల్లను అప్పుడే బాలింత అన్నట్టు.

తెలియాల్సినవాడు అంజన్న. చేరిన రోజే ముసలి ప్రొఫెసరు చెప్పాడు. మొదటి ఏడు మీకు పేర్లు వస్తాయి, రెండో ఏడు కారణాలు వస్తాయి, చేతులకు పని మాత్రం మూడో ఏడు గాని రాదు, అదీ పక్కన మేం నిలబడితేనే. నాలుగో ఏట భయం వస్తుంది, ఆ భయం రానివాడికి నేను పట్టా ఇవ్వనివ్వను అన్నాడు. తరగతంతా నవ్వింది. అంజన్న కూడా నవ్వాడు.

అయితే పాఠాల్లో లేనిది ఒకటి పట్నం అతనికి ముందే నేర్పేసింది. చేరిన కొత్తలో ఏది అడిగినా, రాకపోతే "నాకెరుక లేదు సార్" అనేవాడు. ఆ మాటకూ ఆ యాసకూ వెనక బెంచీల్లో కోస్తా పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి అంజన్న ఎరుక లేదనడం మానేశాడు. తెలిసినా తెలియకపోయినా పుస్తకం భాషలో ఏదో ఒకటి గబగబా అప్పజెప్పడం అలవాటు చేసుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అదే చదువనుకున్నాడు పిచ్చివాడు.

మొన్న జరిగింది కూడా అదే. వానలు పడకముందు గొర్రెల కడుపు కడగాలి, మైలుతుత్తం నీళ్ళలో కలిపి పట్టాలి అన్నాడు. నిజమే, పుస్తకంలో ఉంది. ఎన్ని నీళ్ళకు ఎంత తూకమో కూడా ఉంది. తూచడానికి దశరథం దుకాణంలో తక్కెడ ఉంది, కేకేస్తే వినబడే దూరం. కానీ కులంవాళ్ళు దొడ్డి చుట్టూ మూగి చూస్తున్నారు. ఆ కొండల్లో పసరు కలిపే పెద్దలెవరూ తూచరు. చేతి అంచనాతో వేస్తారు. తూచేవాడిని ఇంకా చెయ్యి కుదరనివాడి కింద లెక్కగడతారు. తక్కెడ తెమ్మనడానికి అంజన్నకు సిగ్గేసింది. చేత్తో వేశాడు.

"ఇవి కొండ గొర్లు కొడుకా, జర గట్టిగ కలుపు" అన్నాడు బీరప్ప.

ఇంకో పిడికెడు వేశాడు. కుండలో నీళ్ళు నెమలిమెడ రంగు తిరిగాయి. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు.

ముందు నా వాటికే పొయ్యమని సుక్కమ్మ ఒక్కొక్క గొర్రెనూ పట్టి, నోరు తెరిచి ఇచ్చింది. వెదురుగొట్టంతో అంజన్న పోశాడు. కుండ ఆమె మందతోనే అయిపోయింది. మిగతావాటికి మర్నాడు చూద్దామనుకున్నారు ఇంట్లోవాళ్ళు. మూగినవాళ్ళు అప్పటికే పోయారు, బీరప్ప పెద్ద మందకూ పోసే ఉంటారని నమ్మారు. మర్నాడు పొద్దునకే గొర్రెలు ఎర్రగా మూత్రం పోసి, పళ్ళు నూరుతూ ఒరిగిపోవడం మొదలుపెట్టాయి.

అచ్చంపేట పశువుల దవాఖానకు మనిషిని పంపుదామని సుక్కమ్మ అంది. ఇంట్లో డాక్టరును పెట్టుకుని బయటి డాక్టరును పిలుస్తారా, నలుగురూ నవ్వరా అన్నాడు బీరప్ప. అప్పుడన్నా అంజన్న నోరు తెరిచి, పిలవమని ఒక్క మాట అనవచ్చు. అనలేదు.

బీరప్ప అరుగు దిగి లోపలికి వచ్చాడు. కొడుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. కులపెద్ద మైసయ్యకు కబురు పోయిందనీ, ఎండ తిరిగాక అందరూ దొడ్డి కాడికే వస్తారనీ చెప్పాడు.

"నువ్వు నోరు మెదపకు. చెప్పేది నేను చెప్త."

"ఏం చెప్తవు?"

బీరప్ప తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నా చేతుల తప్పయిందని నేనే చెప్త నాయినా" అన్నాడు అంజన్న. "మందు ఎక్కువయింది. తూచకుంట కలిపిన."

బీరప్పకు అది కొత్త సంగతేం కాదు. గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాడికి మందు ఏదో, రోగం ఏదో తెలియదా! మొదటి గొర్రె ఒరిగినప్పుడే తెలుసు. అయినా కోప్పడలేదు. తన కుర్రతనంలో మొదటిసారి అడ్డం తిరిగిన పిల్లను లాగినప్పుడు తల్లి గొర్రె చచ్చిందనీ, తన తండ్రి ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మరుసటి ఈతకు మళ్ళీ తనతోనే లాగించాడనీ, పని అలాగే వస్తుందనీ చెప్పాడు. ఓదార్పుగానే చెప్పాడు.

అంజన్న తల అడ్డంగా ఊపాడు. ఇది అలా వచ్చేది కాదన్నాడు. వచ్చే ఏడాది ప్రొఫెసర్లు పక్కన నిలబడి, ఒక్కొక్క చుక్కా తూచి చేయిస్తారన్నాడు.

"మరి రెండేండ్లు ఏం నేర్పిండ్రు?" అని అడిగాడు బీరప్ప. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

బయట సుక్కమ్మ ఈగలు తోలుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

"పేర్లు" అన్నాడు అంజన్న చివరికి.

బీరప్ప లేచి నిలబడ్డాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవాల్సి వచ్చింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"కులమంత నిన్ను జూసి మురుస్తాంది. మైసయ్య మన్మన్ని అచ్చంపేట బడిల ఏసిండంటే నిన్ను జూసే. గిది బయటవడితే రేపు ఒక్క కురుమోడు పిలగాన్ని బడికి తోలడు. గది యాదికుంచుకో."

తప్పు చేసినవాడికి తప్పించుకునే దారి చూపిస్తే ఒక ఎత్తు. ఆ దారికి ధర్మం అని పేరు పెట్టి చూపిస్తే ఇంకేం చేస్తాడు! అంజన్న మళ్ళీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

ఎండ తిరిగింది. కులంవాళ్ళు వచ్చి దొడ్డి బయట వేపనీడన కూర్చున్నారు. సుక్కమ్మ తలుపు దగ్గరినుంచి లేవలేదు. మధ్యాహ్నమే నల్లచెవుల గొర్రె కూడా పోయింది. తల ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది. ఆమె మొగుడు ఎల్లయ్య కొండమీది నుంచి పెద్ద మందను దింపుకుని వచ్చి, అందరికీ ఎడంగా గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

మైసయ్య నిదానస్తుడు. ముందు సుక్కమ్మను మంచినీళ్ళు తాగావా బిడ్డా అని అడిగాడు. తర్వాత బీరప్ప వైపు తిరిగి, పెద్ద మందలో ఒక్కటీ పోకుండా ఈ దొడ్డిలోవే ఎందుకు పోయాయని అడిగాడు.

బీరప్ప అంగీ జేబులోంచి చిన్న మూట తీశాడు. ముడి విప్పాడు. తన పేరుగల కులదేవుడు బీరప్ప గుడిలోంచి తెచ్చిన బండారు, పచ్చటి పసుపు, అరచేతిలో పోసుకున్నాడు. బండారు చేతిలో ఉండగా కురుమ అబద్ధమాడడు. ఆడితే వాడి మందకు దిక్కుండదని, వాడితో కులం పొత్తు కలవదని అక్కడున్న ముసలివాళ్ళందరూ పుట్టినప్పటినుంచి నమ్మినవాళ్ళే. బీరప్ప అందరికంటే ఎక్కువ నమ్మినవాడు.

"మా కోడలు ముట్టుండి దొడ్ల కాలువెట్టింది" అన్నాడు. "నేను జూసిన."

ముట్టు రోజుల్లో ఆడది దొడ్డి ఛాయలకు రాకూడదు. వస్తే దేవుడు మందను తుడిచిపెట్టేస్తాడు. చెవి కోత వేరుగా ఉన్న గొర్రెలే పోవడానికి ఇంతకంటే నప్పే కారణం ఇంకేం కావాలి?

సుక్కమ్మ మామను చూడలేదు. మొగుణ్ణి చూసింది. ఆ సంగతి అబద్ధమని మొగుడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! ఎల్లయ్య తండ్రి అరచేతిలో పసుపును చూశాడు. భుజాన ఉన్న గొంగడిని ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. తర్వాత చెప్పుల కేసి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు ఇంట్లోంచి అంజన్న వచ్చాడు. వచ్చి నలుగురి మధ్యా నిలబడ్డాడు. పెదాలు తడి చేసుకున్నాడు. చెప్పేద్దామనే వచ్చాడు పాపం. అది మాత్రం అబద్ధం కాదు. కానీ ఇంతమంది కళ్ళూ ఒక్కసారి మీద పడేసరికి, వెనక బెంచీల్లోంచి నవ్వు వినబడుతుందేమో అన్నంత భయం పట్టుకుంది. రెండేళ్ళుగా అతణ్ణి కాపాడుతూ వచ్చిన భాష దానంతటదే నోట్లోకి వచ్చింది.

"ఈ మరణాలకు కారణం కాపర్ సల్ఫేట్ ద్రావణము యొక్క గాఢత అధికమగుట. దాని ఫలితముగా కాలేయము చెడిపోయి, రక్తకణములు విచ్ఛిన్నమై, మూత్రము ఎర్రబడినది. ఔషధ ప్రమాణము నిర్ణయించుటలో దోషము సంభవించినది."

గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అంతా నిజమే చెప్పాడు. ఎవరు కలిపారో మాత్రం అందులో లేదు.

ముసలివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. మైసయ్య మెల్లగా తల ఊపాడు.

"కాలేయమంటే కార్జమే గద?" అని పక్కవాడిని అడిగి తెలుసుకున్నాడు. "కార్జం చెడ్డదన్నడు పిలగాడు. దేవుని కోపం ముందుగాల తాకేది కార్జానికే. బీరప్ప కండ్లతోని జూసిండు, వీడు చదువుతోని జూసిండు. రెండు ఒకటే ఆయె."

నిజమే నిజమే అన్నారు అందరూ. ఒకాయన అంజన్న వీపు తట్టాడు.

సుక్కమ్మకు ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. అయితే మరిది నిలబడ్డ తీరు అర్థమైంది. అతను ఇంత ఎత్తున్నప్పటినుంచి ఎరుగును. కాపురానికి వచ్చిన కొత్తలో వాడికి తలకు నూనె పెట్టింది ఆమె. పొద్దున్నే సద్ది కట్టి బడికి సాగనంపింది ఆమె.

"మన మాటల చెప్పు మరిదీ" అంది.

అంజన్న ఆమె వైపు చూశాడు. తర్వాత తండ్రి వైపు చూశాడు. బీరప్ప అరచెయ్యి ఇంకా ముడవలేదు. పసుపు అలాగే ఉంది. ఇప్పుడు తను ఒక్క మాట అంటే, బండారు పట్టుకుని అబద్ధమాడినవాడై, ఈ ముసలివాడు రేపటినుంచి కులంలో ఎవరి గడపా తొక్కలేడు. చచ్చినా మోసేవాళ్ళు ఉండరు.

"గొర్లకంటే నోరు లేదు" అంది సుక్కమ్మ. "నీకేమైంది?"

దొడ్డి మీద కాకులు అరుస్తున్నాయి. అంజన్న నోరు కొంచెం తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

మైసయ్య సుక్కమ్మను కసురుకోలేదు, కూతురితో మాట్లాడినట్టే మాట్లాడాడు. పుట్టింటికి పొమ్మన్నాడు. దేవుడికి శుద్ధి చేసి, పోతును కోసి, కులం మళ్ళీ రమ్మన్నదాకా ఈ దొడ్డి ఛాయలకు రావద్దన్నాడు. ఎప్పుడు రమ్మంటారో చెప్పలేదు. తోలుకుపోవడానికి ఏమీ మిగలనిదాన్ని పొమ్మనడం ఎంత తేలికో!

సుక్కమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఒళ్ళోని గొర్రె తల మెల్లగా నేలమీద పెట్టింది. కాళ్ళు ముడుచుకుంది. బండి లోపలికి పోయింది.

పోతూ పోతూ మైసయ్య అంజన్న భుజం మీద చెయ్యి వేశాడు. రేపు పొద్దున తన మందను తోలుకొస్తాననీ, వానల ముందు కడుపు కడగాలన్నావు గదా, కార్జం సంగతి ఎరిగినవాడివి, నీ చేత్తోనే పొయ్యాలనీ చెప్పాడు. బీరప్ప నవ్వు తెచ్చుకుని, దానికేం భాగ్యం అన్నాడు.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ తినలేదు. జానమ్మ ఉడికించిన జొన్నగట్క కుండలోనే గట్టిపడిపోయింది.

తెల్లవారి సుక్కమ్మ చంకన బట్టల మూటతో ఆత్మకూరు బాట పట్టింది. ఎల్లయ్య కొంతదూరం వెనకే నడిచాడు. ఆమె తిరిగి చూస్తుందేమోనని ఆగాడు. చూడలేదు. అతనూ వెనక్కి వచ్చేశాడు. బాట మలుపులో ఆమెకు మైసయ్య మంద ఎదురుపడింది. ఆమె పక్కకు తప్పుకుని, చివరి గొర్రె దాటిందాకా అక్కడే నిలబడింది.

మంద వచ్చి దొడ్డి ముందు ఆగింది. దుమ్ము. అరుపులు. మైసయ్య వెంట నిన్నటివాళ్ళే కాక ఇంకా చాలామంది వచ్చారు. తమ మందలకూ ఎప్పుడు పోస్తారని అడుగుతున్నారు. బీరప్ప అప్పటికే కుండ నింపాడు. మైలుతుత్తం చేత్తోనే వేశాడు. మొన్నటికంటే జర తక్కువ ఏసిన అని కొడుకు చెవిలో చెప్పాడు.

అంజన్న కుండలోకి చూశాడు. నీలం. అది ఎక్కువో తక్కువో, చంపేదో బతికించేదో, ఆ నీలాన్ని చూసి చెప్పడం అతనికి చేతకాదు. ముసలి ప్రొఫెసరు నాలుగో ఏట వస్తుందన్న భయం అతనికి రెండో ఏటే వచ్చేసింది.

"తక్కెడ తెప్పియ్యి నాయినా" అన్నాడు, ఎవరికీ వినబడకుండా.

బీరప్ప కుండ మీద వంగి, పుల్లతో కలుపుతూ అన్నాడు.

"గింతమందిల ఇప్పుడు తక్కెడ అడిగితే, మొన్న ఎందుకడగలేదంటరు."

"నాకు రాదు నాయినా."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఇంత సూటిగా ఏ మాటా అనలేదు అంజన్న. రెండేళ్ళ చదువులో నేర్చిన నిజం అదొక్కటే. దాన్ని నిన్న ఇదే జాగాలో అని ఉంటే సుక్కమ్మ ఇంట్లో ఉండేది.

బీరప్ప కలపడం ఆపాడు. కొడుకు ముఖంలోకి చూశాడు. ఆ కళ్ళలో కోపం లేదు, అర్థం చేసుకోవడమూ లేదు. వెదురుగొట్టం కుండలో ముంచి, నింపి, అతని చేతిలో పెట్టాడు.

"రానిది చేసుకుంటనే వస్తది" అన్నాడు. "పొయ్యి."

మైసయ్య తన మందలోకెల్లా మంచి గొర్రెను, సూడిదాన్ని, మెడ పట్టుకుని ముందుకు తెచ్చాడు. దాని దవడలు రెండు చేతులతో విడదీసి పట్టుకుని, పొయ్యి డాక్టరూ అన్నట్టు నవ్వుతూ చూశాడు. గొట్టంలోంచి నీలపు చుక్క ఒకటి అంజన్న కాలిమీద పడింది. గొర్రె నోరు తెరుచుకునే ఉంది.